పాలరాతి మన్మథుడు – ప్రాచీనతకు వెల

శిల్పకళకు పాలరాయి ఎంత అనువైనదో, వంచనకు కూడ అంత అనువైనది. భూగర్భంలోని వేడిమికీ, ఒత్తిడికీ లోనైన సున్నపురాయి కోట్ల సంవత్సరాల క్రిందటనే పాలరాయిగా మారినది. కనుక ఒకే గని నుండి తీసిన రాతిలో నిన్న చెక్కిన బొమ్మకూ, రెండువేల యేండ్లనాడు చెక్కిన బొమ్మకూ రాతి వయస్సులో భేదం లేదు. భేదమంతా పైపొరలోనే ఉన్నది. ఉలి తాకిన నాటి నుండి గాలి, నీరు, మన్ను ఆ పైపొరపై తమ జాడలను వదలుతాయి. ఆ జాడలను కృత్రిమంగా కల్పించవచ్చునన్న సంగతి వర్తకులకు ఏనాడో తెలుసు.

ఇందుకు ఇటలీ దేశంలో ఒక ప్రసిద్ధ నిదర్శనం కలదు. 15వ శతాబ్ది చివరి దినాలలో రోము నగరపు ప్రాచీన శిల్పాల కొరకు ప్రభువులు, మతాధిపతులు పోటీపడేవారు. ఆ కాలంలో, ఇరువది యేండ్ల యువకుడైన మైకెలాంజెలో ఫ్లారెన్సులో నిద్రిస్తున్న మన్మథుని (క్యూపిడ్) పాలరాతిలో చెక్కాడు. శిష్యుడు కొండివి 1553లో ప్రకటించిన జీవితచరిత్ర ప్రకారం, మెడిచీ వంశస్థుడొకడు ఆ శిల్పాన్ని చూచి, భూమిలో పాతిపెట్టినదానివలె కనిపించేట్లు చేసి రోముకు పంపితే మంచి ధర పలుకుతుందని సలహా యిచ్చాడు. ఒక వర్తకుడు దానిని ప్రాచీన శిల్పంగా కార్డినల్ రియారియోకు 200 డకాట్లకు అమ్మి, శిల్పికి మాత్రం 30 డకాట్లు ముట్టజెప్పాడు.

మోసం బయటపడింది. కార్డినల్ బొమ్మను వర్తకునికి త్రిప్పి యిచ్చి, తన సొమ్ము తాను రాబట్టుకున్నాడు. అయితే ప్రాచీనులతో సమానంగా చెక్కగల ఆ హస్తం ఎవరిదో తెలిసిన పిమ్మట శిల్పిని ఆదరించాడు. 1496లో మైకెలాంజెలో రోము చేరాడు. కొన్నేండ్లలోనే అదే నగరంలో ‘పియెతా’ శిల్పానికి రూపమిచ్చి, దానిపై తన పేరు చెక్కుకున్నాడు. ఆ మన్మథుడు మాంటువా ప్రభువుల నుండి ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెస్ సేకరణకు చేరి, 1698లో లండనులోని వైట్‌హాల్ రాజప్రాసాదం దగ్ధమైనప్పుడు నశించినదని భావిస్తున్నారు.

ఇక్కడ ఆలోచింపదగిన విషయమొకటి ఉన్నది. 200 డకాట్లు పలికిన నాడూ, తిరస్కరింపబడిన నాడూ రాయి అదే, పనితనం అదే. మారినది దాని వెంట చెప్పిన కథ మాత్రమే. కార్డినల్ కొన్నది శిల్పాన్నా, కథనా?

మన హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో దీనికి భిన్నమైన ఉదాహరణను చూడవచ్చు. ఇటలీ శిల్పి బెన్జోని చెక్కిన ‘మేలిముసుగు రెబెక్కా’ను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొనుగోలు చేశారు. ప్రాచీన శిల్పరీతి నుండి స్ఫూర్తి పొందిన ఆ శిల్పం తన కాలాన్ని దాచలేదు. పలుచని ముసుగులో నుండి ముఖం కనిపిస్తున్నట్లు భ్రమింపజేసే ఆ పనితనానికి అబద్ధపు వయస్సుతో పని లేకపోయింది.

నేడు అతినీలలోహిత కిరణాల క్రింద పాత పైపొరకూ, క్రొత్తగా చెక్కిన భాగానికీ వర్ణభేదం కనిపిస్తుంది. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం నూరేండ్లు నిండిన శిల్పాలు పురావస్తువులు; వాటి వర్తకానికి లైసెన్సు అవసరం. అయినను పరికరాలకన్న, చట్టాలకన్న ముందుగా కావలసినది విక్రేత నిజాయితీ. ప్రాచీనుల నుండి నేర్చుకొనడం విద్య. నేర్చుకున్నదానిని ప్రాచీనుల పేరిట అమ్ముకొనడం వంచన. విద్యార్థి సోదర సోదరీమణులు రెబెక్కా ఎదుట నిలిచినపుడు ఈ భేదాన్ని స్మరింతురు గాక!