మాట ఎవరిది? తోకనడుగు!

బొమ్మల కథల్లో మాటల బుడగలు చూశారుగా! బుడగ తోక ఎవరివైపు తిరిగితే మాట వారిది. తోకకు బదులు చిన్న చిన్న సున్నాలుంటే అది మనసులో అనుకున్నది. అంచు రంపపు పళ్ళలా ఉంటే అరుపు.

మనకు చూడగానే తెలిసే ఈ బుడగ కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? పట్టిసీమను తలచుకోండి. నడిగోదావరిలో లంక, చుట్టూ నీరు, ఆవల గట్టు. బుడగలో అక్షరాలే లంకలు, తెలుపే నీరు, అంచుగీతే గట్టు! కంప్యూటరు అక్షరం పక్కనున్న తెల్లచుక్కతో మొదలుపెట్టి, దాని పక్కచుక్క, ఆ పక్కచుక్క చూసుకుంటూ నల్లగీత తగిలేదాకా పాకుతుంది. పాకినంత మేరా బుడగ. అందులో సన్నగా పొడుచుకువచ్చిన మొన తోక.

గీతలో చిన్న సందుందా, గట్టు తెగినట్టే! తెలుపు పేజీ అంతా పారుతుంది. అసలు బుడగే లేకపోతే? నర్సాపురంలో 1933లో పుట్టిన బాపు గీసిన కార్టూన్లలో అలాంటివీ ఉన్నాయి. తెరిచిన నోరు, చేతి విసురు చూసి మాట ఎవరిదో మనమే పోల్చుకుంటాం. ఈ విద్య యంత్రానికి గట్టు పద్ధతితో రాదు. అందుకే ఇప్పుడు మనుషులు గుర్తులు పెట్టిన వేలాది బొమ్మలు చూపి నేర్పుతున్నారు.

చూపులేని పిల్లలకు యంత్రం బొమ్మల కథ చదివి వినిపించాలంటే ఇది తేలాలి మరి. తోక దగ్గర పొరబడిందో, దొంగ మాట పోలీసు నోట పలుకుతుంది!