శిమిలిగుడలో పనసచెట్టు

కొత్తవలస దాటాక కూడా చాలాసేపు కిరండోల్ బండి మామూలు రైల్లాగే వెళుతుంది. వరి కోసిన మళ్లు, తాటిచెట్లు, శృంగవరపుకోట స్టేషన్లో ఇడ్లీలు. బొడ్డవర వచ్చేసరికి కొండలు రెండువైపులా దగ్గరికి జరుగుతాయి. శివలింగపురం దగ్గర నుంచి ఇక ఎక్కడమే. అరవై అడుగులు ముందుకు వెళితే ఒక అడుగు పైకి లేచేంత వాలు. రైలుకి అది చాలా నిటారు దారి కిందే లెక్క. ఇంజను గొంతు మారిపోతుంది. మొదటి సొరంగం రాగానే పెట్టెలోని పిల్లలంతా ఒక్కసారిగా 'ఓ...' అని కేక పెడతారు. పదో సొరంగానికి పెద్దవాళ్లూ మొదలెడతారు.

మా ఆవిడ మాత్రం కేకలు పెట్టలేదు. వేళ్లు ముడుస్తూ సొరంగాలు లెక్కపెడుతోంది. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి ఈ దారిలో వచ్చినప్పుడల్లా అదే ఆటట.

నిజానికి ఈసారి మేం యూరప్ వెళ్లాలి. పెళ్లై పాతికేళ్లయిందని పిల్లలు పట్టుబట్టారు. స్విట్జర్లాండ్‌లో కొండరైలు, పారిస్, వెనిస్... పది రోజుల ప్యాకేజీ కాగితాలు కూడా బల్లమీద పెట్టారు. ఆ కాగితాల్లో మంచుకొండల మధ్య వెళుతున్న ఎర్రరైలు బొమ్మ చూసి మా అత్తగారు, 'ఇది మన శిమిలిగుడలాగే ఉందే' అన్నారు. ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి. ఓ నిమిషం ఆగి, 'అంత దూరం ఎల్లేవోళ్లు ఓపాలి అక్కడికీ ఎల్లి రాకూడదేటమ్మా? ఆ పనసచెట్టు ఉందో నేదో చూసి రండి. ఉంటే దాని దగ్గరే గదా మీ అన్న' అన్నారు కూతురితో.

మా ఆవిడకి ఓ అన్న ఉండేవాడని నాకు పాతికేళ్ల కాపురంలో ఒకటి రెండుసార్లు తప్ప ఎవరూ చెప్పలేదు. 1969లో పుట్టాడు. మరుసటేడు వానల్లో చలిజ్వరం వచ్చి పోయాడు. పదకొండు నెలల బిడ్డ. యూరప్ కాగితాలు సొరుగులోకి వెళ్లాయి. మేం విశాఖ రైలెక్కాం.

ఖనిజం కోసం వేసిన దారి

కొత్తవలస నుంచి కిరండోల్ దాకా ఉన్న ఈ మార్గాన్ని విశాఖలో అందరూ 'కేకే లైను' అంటారు. దీన్ని వేసింది మనలాంటి విహారయాత్రికుల కోసం కాదు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో దొరికే ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి. 1960లో ఆ దేశంతో ఒప్పందం కుదిరింది. తూర్పు కనుమలను తొలిచి, 58 సొరంగాలతో, ఎన్నో వంతెనలతో 1960ల చివరికి దాదాపు 445 కిలోమీటర్ల లైను సిద్ధం చేశారు. పెద్ద యంత్రాలు అంతగా లేని రోజులవి. దట్టమైన అడవి, రోడ్డు లేని కొండలు, దోమలు. 1982 నాటికి కరెంటు ఇంజన్లు వచ్చాయి. ఇప్పటికీ ఈ దారిలో ఎక్కువగా ఎదురయ్యేవి ఖనిజం బండ్లే. ఎర్రటి దుమ్ముతో, ఒకదాని వెనక ఒకటిగా ఇంజన్లు తగిలించుకుని అవి దిగుతుంటే మన బండి పక్కకి తప్పుకుని ఓపిగ్గా నిలబడుతుంది.

మా మామగారు 1968లో ఈ లైన్లో గ్యాంగ్‌మేన్‌గా చేరారు. తర్వాత కీమేన్ అయ్యారు. చేతిలో సుత్తి, స్పానర్ పట్టుకుని రోజూ తన వంతు పట్టాల వెంట నడవాలి. వదులైన ప్రతి కీలకాన్నీ కొట్టి బిగించాలి. వానాకాలమైతే రాత్రి గస్తీ. కొండమీద నుంచి ఎప్పుడు బండరాయి దొర్లుతుందో, ఎక్కడ మట్టిపెళ్ల విరిగిపడుతుందో తెలియదు. లాంతరుతోపాటు సంచిలో టపాకాయల్లాంటి డిటోనేటర్లు ఉండేవట. దారి తెగితే పరిగెత్తుకెళ్లి వాటిని పట్టామీద అమర్చాలి. ఇంజను చక్రం కింద అవి పేలితే డ్రైవరు బండి ఆపేస్తాడు. పదేళ్ల కిందట పోయేదాకా ఆయనకి వాన చప్పుడు వింటే నిద్ర పట్టేది కాదు. హైదరాబాద్‌లో మా మూడో అంతస్తు ఇంట్లో కూడా!

బొర్రా గుహలు చూడకుండా వెళితే మాత్రం...

మేం బొర్రా గుహల స్టేషన్లో దిగాం. సున్నపురాతిలో నీళ్లు లక్షల ఏళ్లపాటు చెక్కిన గుహలివి. పైకప్పు నుంచి కిందికి వేలాడే రాళ్లు, కింద నుంచి పైకి పెరిగే రాళ్లు. గైడు టార్చి వేసి, ఇది రుషి గడ్డం, ఇది తల్లీబిడ్డ, ఇది పుట్టగొడుగు అని చూపిస్తుంటాడు. ఒప్పుకోకపోతే ఊరుకోడు. లోపల శివలింగం దగ్గరికి మెట్లున్నాయి. ఆవు ఒకటి పైనున్న కన్నంలోంచి పడిపోతే వెతుక్కుంటూ వచ్చిన కాపరి ఈ గుహను కనిపెట్టాడనీ, అందుకే ఇక్కడి ఏటికి గోస్తని అని పేరొచ్చిందనీ కథ. ఆ గోస్తనే కొండలు దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మేం లోపలుండగా పైన ఏదో ఉరిమినట్టయింది. రైలు! కేకే లైను గుహల నెత్తిమీంచే వెళుతుంది.

ఈ ఊళ్లకి ఇంకో పేరు కూడా ఉంది, అది పర్యాటక కరపత్రాల్లో కనిపించదు. ఇక్కడి గనుల లీజుల మీద మొదలైన పోరాటమే 'సమత' కేసుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమినైనా సరే, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని 1997 జులైలో తీర్పు వచ్చింది. దేశమంతా ఉదహరించే తీర్పది. బొర్రా దగ్గర వెదురుబొంగులో కోడిమాంసం కాల్చి అమ్ముతున్న ఆడవాళ్లను చూస్తూ తింటున్నప్పుడు ఆ మాట కూడా గుర్తుంటే బాగుంటుంది.

పసుపు లోయ

అక్కడి నుంచి జీపులో అనంతగిరి మీదుగా అరకు. మేం వెళ్లింది నవంబరు చివర్లో. వలిసె పూలు విచ్చుకునే కాలం. కొండవాలంతా ఎవరో పసుపు ఆరబోసినట్టుంది. రోడ్డుపక్కన సిల్వర్‌ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల తీగలు, ఆ నీడలో ఎర్రటి పళ్లతో కాఫీ మొక్కలు. మన్యంలో కాఫీ మొదట నాటింది 1898లో, పాములేరు లోయలోనని చెబుతారు. ఇప్పుడు తోటలు చాలావరకు గిరిజన రైతులవే. ఒక్కొక్కరిదీ చిన్న చెక్క. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2018లో అక్కడే బంగారు పతకం వచ్చింది. 2019లో అరబికా రకానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. పారిస్ పోకపోయినా పారిస్ వాళ్లు తాగే కాఫీ మేం రోడ్డుపక్క బెంచీమీద కూర్చుని తాగాం. మా ఆవిడ చక్కెర ఎక్కువైందంది.

అరకులో చూడాల్సినవి అందరికీ తెలిసినవే. పద్మాపురం తోట రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి వేసిందట. ఇప్పుడు పిల్లల రైలు, గులాబీలు ఉన్నాయి. గిరిజన మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. గదబల నార చీరలు, వేట సామగ్రి, ధాన్యం దాచే గాదెలు ఉన్నాయి. ఓ మూల చోళ్లు విసిరే తిరగలి కనబడితే మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. రాత్రి రిసార్టులో థింసా వేశారు. చేతులు వెనక నుంచి ఒకరివొకరు పట్టుకుని, డప్పూ తుడుమూ చప్పుడికి పాములా మెలికలు తిరిగే వరస. బాగానే ఉంది గానీ, టూరిస్టుల కెమెరాల కోసం నలభై నిమిషాల్లో ముగించే థింసాకీ, చైత్రంలో ఇటుకల పండక్కి ఊళ్లో తెల్లార్లూ సాగే థింసాకీ పోలిక లేదని మా డ్రైవరే చెప్పాడు.

కొత్త మట్టి కట్ట

శిమిలిగుడ మర్నాడు ఉదయం. పొగమంచులో స్టేషను పేరు కూడా దగ్గరికి వెళితేగానీ కనిపించలేదు. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. ఒకప్పుడు బ్రాడ్‌గేజ్ మీద దేశంలోకెల్లా ఎత్తైన స్టేషను ఇదే. 2008లో కాశ్మీర్ లోయలో రైళ్లు తిరగడం మొదలయ్యాక ఆ గౌరవం అటు వెళ్లిపోయింది. మామగారికి ఆ సంగతి చెబితే ఒప్పుకోలేదు. 'అక్కడ వానలు పడతాయేటి ఇన్ని?' అన్నారు.

మా ఆవిడ పుట్టింది 1973లో, ఇక్కడి క్వార్టర్లోనే. ఎనిమిదేళ్లప్పుడు నాన్నకి కిందికి బదిలీ అయింది. ఆ తర్వాత మళ్లీ రావడం ఇదే. క్వార్టర్లు కొన్ని కొత్తవి, కొన్ని పాడుపడ్డవి. పైకప్పులేని గోడల మధ్య లంటానా పొదలు. 'మాది చివరిది' అని మా ఆవిడ నడుస్తోంది. కానీ చివర ఎటువైపో తేలలేదు. ఆమె జ్ఞాపకంలో ఇంటి ముందు పెద్ద మైదానం ఉంది. ఇక్కడేమో పది అడుగుల్లో పట్టాలు. పనసచెట్లు ఒకటి కాదు, మూడున్నాయి.

పట్టాల మీద నడిచొస్తున్న కుర్రాడొకడు మమ్మల్ని చూసి ఆగాడు. చేతిలో సుత్తి, స్పానరు. కీమేన్! దగ్గర్లోని గిరిజన ఊరేనట. సంగతి విని, 'మా నాయనమ్మకి తెలుస్తాది' అని వెళ్లి ముసలమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ముక్కుకి రెండువైపులా ముక్కెరలు, పచ్చబొట్టు చేతులు. ఆమె మా ఆవిడ మొహం కాసేపు చూసి, 'అప్పడాలమ్మ కూతురివా?' అంది.

మా అత్తగారు కింద నుంచి తెచ్చుకున్న మినప్పప్పుతో అప్పడాలు ఒత్తి చుట్టుపక్కల పంచేవారట. బదులుగా చోడిపిండి, తేనె, కట్టెలు. బాలింతగా ఉన్నప్పుడు ఆ రెండు నెలలూ ఈ అమ్మే వచ్చి నీళ్లు కాచి పోసిందట. మా ఆవిడని ఎత్తుకు తిరిగిందట. 'నువ్వు ఏడిస్తే ఇంజనుబండి కూత ఇనిపించేదాన్ని' అంది. అప్పుడు మా ఆవిడ అన్న గురించి అడిగింది.

ముసలమ్మ మూడు పనసచెట్లనీ వదిలేసి, పట్టాల అవతలికి చెయ్యి చూపించింది. అక్కడ చెట్టే లేదు. ఎర్రటి కొత్త మట్టి కట్ట ఉంది. కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా రెండో లైను వేసే పనుల్లో భాగంగా పోసిన మట్టి. 'నాలుగు పనసచెట్లుండేవి. అది పెద్దది. ఆ మొదట్లోనే పెట్టినాడు మీ నాయన. ఒక్కడే తవ్వినాడు. నేను దీపం పట్టుకున్నా' అంది. చెట్టు ఎప్పుడు కొట్టేశారని నేను అడగబోతే మా ఆవిడ చెయ్యి నొక్కింది.

మన్యపు జ్వరం అని కిందివాళ్లు భయపడే ఆ మలేరియా ఈ కొండల్లో ఎన్ని ఇళ్లలో దీపాలు ఆర్పిందో. దేశవ్యాప్తంగా మలేరియా నిర్మూలన కార్యక్రమం మొదలైంది 1958లోనే. కానీ కార్యక్రమం వేరు, వానరాత్రి డాక్టరు దొరకని స్టేషను వేరు. మామగారు ఆ రోజు గస్తీలో ఉన్నారు. కబురు అందేసరికి తెల్లారింది. ఈ సంగతి కూడా మాకు ముసలమ్మ చెబితేనే తెలిసింది. వాన చప్పుడికి ఆయన ఎందుకు లేచి కూర్చునేవారో పాతికేళ్లూ మేం బండరాళ్ల గురించే అనుకున్నాం.

మా ఆవిడ కట్ట ఎక్కలేదు. ఇవతలే, కంకర పక్కన కూర్చుంది. ఖనిజం బండి ఒకటి వెళ్లింది. చాలా పొడుగు బండి. అది పూర్తిగా దాటేదాకా ఎవరం మాట్లాడలేదు. తర్వాత ముసలమ్మ తన గుడిసెకి తీసుకెళ్లి అంబలి పోసింది.

ఫోన్‌కి సిగ్నల్ అరకు వచ్చాకే దొరికింది. ఉన్నదున్నట్టు చెప్పాలా, చెట్టు బాగుందని అబద్ధమాడాలా అని దారంతా ఇద్దరం తర్జనభర్జన పడ్డాం. చివరికి మా ఆవిడ అంతా చెప్పేసింది, దీపం సంగతితో సహా. అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. లైను తెగిందేమో అనుకున్నాం.

'దానికి పళ్లున్నాయా ఇంకా?' అన్నారు మా అత్తగారు.

'కొన్ని ఉన్నాయమ్మా.'

'అప్పడాలు నమలగలదా అని. ఈ సంక్రాంతికి ఒత్తి పంపుతాను. ఓ నేత చీర కూడా కొను, ఎర్రంచుది. ఆ కుర్రాడి పేరు, ఊరు రాసుకున్నారా బాబూ?' ఆ ఆఖరి ప్రశ్న నాకు.

రాసుకున్నాను.

వెళ్లాలనుకునేవారికి: కిరండోల్ బండి విశాఖలో పొద్దున్నే బయల్దేరుతుంది. 2017లో వచ్చిన అద్దాల పెట్టెలో వెళ్లాలంటే ముందే రిజర్వు చేసుకోవాలి. మామూలు పెట్టెలో అయితే వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి, లోయలు ఎక్కువగా అటే. రోడ్డున విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పూలూ చలీ కావాలంటే నవంబరు నుంచి జనవరి మంచిది. జోరువానల్లో కొండచరియలు పడి బండి ఆగిపోవచ్చు. అలా ఆగినప్పుడు విసుక్కోకుండా కిటికీలోంచి చూడండి. పట్టాల మీద లాంతరుతో ఎవరో ఒకరు నడుస్తూ కనిపిస్తారు.