కోఠీ మేడకు మరమ్మతు

గుమ్మఘట్ట పక్క పల్లెల్లో మట్టి మిద్దెలు ఇంకా కనిపిస్తాయి. ఇక్కడ వాన పడేదే తక్కువ. అయినా మిద్దె మీద చవుడు లేకపోతే ఒక్క వానకే ఇల్లు ఉరుస్తుంది. అందుకే వానలకు ముందే చవుడు తెచ్చి పరుస్తారు. ఉరిసే ఇంటి బాధ ఆడవాళ్లకే ఎక్కువ తెలుసు. బొట్టు బొట్టుకూ గిన్నె పెట్టేది వాళ్లే కదా!

పెద్ద మేడలకూ ఇదే బాధ. హైదరాబాదులో కోఠీ అనే పేట ఉంది. కోఠీ అంటే పెద్ద బంగళా. అక్కడి బంగళా వల్లే పేటకు ఆ పేరు వచ్చింది.

200 ఏండ్ల కిందటి మాట. నిజాం నవాబు దగ్గర ఇంగ్లీషు కంపెనీ తరఫున ఒక దొర ఉండేవాడు. ఆ దొరను రెసిడెంటు అనేవాళ్లు. కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు కాలంలో ఈ మేడ కట్టారు. 1803 ప్రాంతంలో పని మొదలైంది. ఖర్చు మాత్రం నిజాందే! ఇంగ్లండులో భూస్వాములు పల్లెల్లో కట్టుకునే మేడల మాదిరి ఉంటుంది. ముందు వెడల్పాటి మెట్లు. అటూ ఇటూ సింహం బొమ్మలు. పైన ఎత్తయిన స్తంభాలు. లోపల పెద్ద దర్బారు హాలు.

కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా. ఆమె పరదాలో ఉండేది. మేడ ముందుకు వచ్చి చూసే వీలు లేదు. అందుకని ఆమె తోటలో అచ్చం అలాంటిదే చిన్న బొమ్మ మేడ కట్టించాడని చెప్తారు.

ఆమె ముందుకు వచ్చి చూడలేని ఆ మేడ 1949లో ఆడపిల్లల కాలేజీ అయింది. వేల మంది అక్కడ చదువుకున్నారు. కానీ రానురాను పైకప్పు ఉరిసింది. నీళ్లు దిగి దూలాలు పాడయ్యాయి. పూత రాలింది. మేడ కూలిపోతుందేమోనని భయం పట్టుకుంది. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల 2002 జాబితాలో దీని పేరు చేరింది. ఆ జాబితా వేసేది వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే అమెరికా సంస్థ. మరమ్మతుకు కూడా ఆ సంస్థే ముందుకొచ్చింది.

సిమెంటు పూస్తే సరిపోదా? సరిపోదు. పాత ఇటుక గోడ చెమ్మను పీలుస్తుంది, మళ్లీ బయటికి వదులుతుంది. సున్నం పూత దానికి అడ్డం రాదు. సిమెంటు వేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఇటుక పొడి పొడిగా రాలుతుంది. అందుకే పాత కట్టడాలకు డంగు సున్నమే వాడాలి. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి తడుపుతారు. ఇసుక కలిపి గానుగలో మెత్తగా రుబ్బుతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కూడా కలుపుతారు. పట్టు గట్టిగా ఉంటుంది. ఈ పని తొందరగా తెమలదు. తెలిసిన మేస్త్రీలు కూడా ఇప్పుడు తక్కువే.

కోఠీ మేడ పని ఏండ్ల తరబడి సాగింది. 2023లో మేడ తలుపులు మళ్లీ తెరిచారు. అంతకు ముందే, 2022లో, కాలేజీ మహిళా విశ్వవిద్యాలయం అయింది. తర్వాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలమ్మ పాలకుర్తిలో తన పంట కోసం దొరను ఎదిరించిన రైతు.