మన పేట ఏ కాగితంలో ఉంది?

మన పిల్లలు ఇవాళ డిగ్రీకి, ఎం.ఏ.కి వస్తున్నారు. 'మీ ఊరి దళితుల స్థితిగతుల మీద పది పేజీలు రాసుకురండి' అంటాడు మాస్టారు. భూమి ఉన్నవాళ్ళింట్లో దస్తావేజులుంటాయి, కరణీకం చేసిన చుట్టం ఉంటాడు. మనింట్లో రేషన్ కార్డు, కులం సర్టిఫికెట్ తప్ప కాగితం ఉండదు. అందుకని సెల్‌ఫోన్‌లో వెతికి, దొరికింది ఎత్తి రాస్తున్నాం. అదంతా అబద్ధమని కాదు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో అడక్కుండా ఎత్తి రాస్తున్నాం. సఖినేటిపల్లినే తీసుకుని చూద్దాం.

ముందు ఊరి చిరునామా. సఖినేటిపల్లి మండలం కోసం 1981 జనాభా లెక్కల్లో వెతికితే దొరకదు. మండలాలు వచ్చింది 1985లో. అంతకుముందు అది రాజోలు తాలూకా. 1907 నాటి హెమింగ్వే గోదావరి జిల్లా గెజిటీర్‌లో అయితే నగరం తాలూకా కింద చూడాలి. 1925 దాకా గోదావరి జిల్లా, తర్వాత తూర్పుగోదావరి, 2022 ఏప్రిల్‌లో కోనసీమ, ఆ ఏడే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ. (ఈ పేరు పెడతామన్నందుకే ఆ మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. పేరులో ఏముందిలే అనేవాళ్ళు దీనికేం చెప్తారో!)

ఊరి పేరు కంటే మన పేర్లతోనే ఎక్కువ చిక్కు. పాత ప్రభుత్వ కాగితాల్లో మనం పంచములం. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన కూడిన మనవాళ్ళు ఆ మాట వద్దని ఆది ఆంధ్రులమన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఒప్పుకుంది. కాబట్టి 1931 జనాభా పుస్తకంలో మాల, మాదిగ వరసలు మాత్రం చూసి 'మనవాళ్ళు తగ్గారు' అని రాస్తే తప్పు. చాలామంది ఆది ఆంధ్రులని రాయించుకున్నారు. ఆ వరస కూడా కలపాలి. అందులో మాలలెందరు, మాదిగలెందరు అన్నది మాత్రం ఆ వరసని బట్టి చెప్పలేం. 1936 నుంచి షెడ్యూల్డు కులాలమయ్యాం. 1951 నుంచి 2011 దాకా జనగణనలో ఎస్సీ, ఎస్టీలకి తప్ప కులం లెక్కలు అచ్చు వేయలేదు.

కోనసీమలో అసలు తిరకాసు మతం దగ్గరుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. క్రైస్తవుడినని రాయించుకున్న మాల మన రాష్ట్రంలో బి.సి.-సి అవుతాడు, ఎస్సీ లెక్కలోంచి జారిపోతాడు. ఆదివారం అదే చర్చికెళ్ళే పక్కింటాయన జనాభా లెక్కలకొచ్చిన పంతులికి హిందువునని చెప్తే ఎస్సీల్లో ఉంటాడు. పేట ఒకటే, గోడ ఒకటే, కాగితంలో మాత్రం ఇద్దరూ వేరు. కనక '2011లో సఖినేటిపల్లిలో దళితులు ఇంతమంది' అని రాయకూడదు, 'ఎస్సీలుగా నమోదైనవారు ఇంతమంది' అని రాయాలి.

మిగతా వాళ్ళ కోసం పంటు ఎక్కి వశిష్ఠ దాటాలి. 1836లో ఇండియాకొచ్చిన బౌడెన్, బీర్ దొరలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్ నడిపారు. మిషన్ నివేదికలు, చర్చిల బాప్తిస్మం రిజిస్టర్లు మనకి పనికొస్తాయి. అయితే నివేదికలు ఇంగ్లండులో చందాలిచ్చేవాళ్ళు చదవడానికి రాసినవని మర్చిపోకూడదు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ ఏడు సంపుటాలు కూడా అంతే. మనుషుల ముక్కులు కొలిచి కులాలు తేల్చబోయినాయన మాటని మన పిల్లలే ప్రమాణంగా రాయడం చూస్తే కడుపు మండుతుంది. ఆయన్ని ఉదహరించండి, కానీ 1909 నాటి దొర మనల్ని ఎలా చూశాడో చెప్పడానికి.

భూమికి సెటిల్‌మెంటు నాటి ఆర్.ఎస్.ఆర్.తో ఇప్పటి అడంగల్ పోల్చాలి. నోటిమాటగా కౌలు చేసేవాడి పేరు తరచూ అడంగల్‌లోకి ఎక్కదు. అందులో మనవాళ్ళ పేర్లు లేవంటే మనవాళ్ళు సేద్యం చేయట్లేదని కాదు. నేను పరిశోధన మొదలెట్టిన రోజుల్లో ఒక ఆఫీసులో 'నీకెందుకయ్యా ఈ రిజిస్టరు' అన్నారు. అలా అంటే వాదించొద్దు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసిచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబమని రుజువు చూపిస్తే ఫీజు లేదు.

ఇక పేటలో ముసలమ్మలు. వాళ్ళ మాట ఆధారం కాదనే మాస్టార్లున్నారు. ఆధారమే, కానీ గెజిటీర్‌ని అడిగిన ప్రశ్నలే వాళ్ళనీ అడగాలి. తను చూసిందా, విన్నదా? ఇంకొకరు కూడా అదే చెప్తున్నారా? సంవత్సరం అడిగితే చెప్పలేరు. 86 వరదకి ముందా తర్వాతా, పాశర్లపూడి బ్లోఔట్ మండుతున్నప్పుడా (అది 1995 జనవరిలో మొదలైంది), 96 నవంబరు తుపానుకి ఇల్లు పడిపోయాకా అని అడగండి, చెప్తారు. చెప్పింది చెప్పినట్టే, ఆమె మాటల్లోనే రాసుకోండి. పక్కన తేదీ వేసి, ఆమెకి ఒకసారి చదివి వినిపించండి.