మంచు చందమామకు కొలతల పటం

యూరోపా చిత్రాల్లో ఒకచోట ఎకరాలు.. మరోచోట గజాలు
లోటు పూడ్చేందుకు క్లిప్పర్ నౌక పయనం

బాలాపూర్: భూమి కొలతల గురించి బాలాపూర్ పరిసరవాసులకు ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. ఒకప్పుడు ఎకరాల్లో చెప్పుకున్న శివారు భూములు కాలనీలుగా మారి నేడు గజాల్లో పలుకుతున్నాయి. కొలత ఎంత సూక్ష్మమైతే హద్దు అంత స్పష్టంగా తెలుస్తుంది. అంతరిక్షంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. గురుగ్రహం చుట్టూ పరిభ్రమించే యూరోపా అనే మంచు చందమామకు శాస్త్రవేత్తలు పటం రూపొందించారు. అయితే దాని ఉపరితలాన్ని అన్నిచోట్లా ఒకే స్పష్టతతో చూడలేకపోయారు. కొన్ని ప్రాంతాల చిత్రాల్లో ఒక్కో చుక్క 400 చదరపు కిలోమీటర్ల నేలను సూచిస్తే, అతి కొద్ది చోట్ల ఒక్కో చుక్క 43 గజాలనే సూచిస్తుంది. ఈ వ్యత్యాసాన్ని తొలగించడమే ఇప్పుడు శాస్త్రవేత్తల ముందున్న లక్ష్యం.

ఎందుకింత ఆసక్తి?

యూరోపాను 1610లో గెలీలియో దూరదర్శినితో గుర్తించారు. దీని వ్యాసం సుమారు 3,120 కిలోమీటర్లు. అంటే మన చంద్రుడికంటే కొద్దిగా చిన్నది. ఉపరితలమంతా గడ్డకట్టిన మంచే. ఆ మంచు పొర కింద ఉప్పునీటి మహాసముద్రం ఉందని, భూమిపై ఉన్న సముద్రాలన్నింటినీ కలిపినా అంతకంటే ఎక్కువ నీరు అందులో ఉండవచ్చని శాస్త్రవేత్తల అంచనా. నీరున్నచోట జీవానికి అనుకూల పరిస్థితులు ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. సముద్రంలోకి తొంగిచూసే మార్గం లేదు కనుక, పైనున్న పగుళ్లు, గట్లు, మరకలను బట్టి కింది సంగతి ఊహించాలి. అందుకే పటానికి ఇంత ప్రాధాన్యం.

చుక్కే కొలమానం

అంతరిక్ష నౌక తీసే చిత్రం చిన్న చిన్న చుక్కల సముదాయం. వీటినే పిక్సెళ్లు అంటారు. ఒక్కో చుక్క నేలపై ఎంత విస్తీర్ణాన్ని సూచిస్తుందన్న దానిపైనే చిత్రం స్పష్టత ఆధారపడుతుంది. చుక్కకు 20 కిలోమీటర్లు అనుకుంటే బాలాపూర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, చార్మినార్ అన్నీ ఒకే చుక్కలో ఇమిడిపోతాయి. 1979 జులైలో వాయేజర్-2 నౌక తీసిన మేలైన చిత్రాల్లో చుక్క నిడివి సుమారు రెండు కిలోమీటర్లు. అంటే దాదాపు వెయ్యి ఎకరాలకు ఒక చుక్క. 1995లో గురుగ్రహాన్ని చేరిన గెలీలియో నౌక పలుచోట్ల 200 మీటర్ల వరకు, అంటే పది ఎకరాలకు ఒక చుక్క చొప్పున చిత్రించింది. 1997 డిసెంబరులో చుక్కకు ఆరు మీటర్ల స్పష్టతనూ సాధించింది. అది 43 గజాల లెక్క. అయితే అలా దొరికినవి సన్నని పట్టీలు మాత్రమే.

తెరుచుకోని గొడుగు

గెలీలియో ఎక్కువ చిత్రాలు పంపలేకపోవడానికి కారణం కెమెరా లోపం కాదు. 1989లో ప్రయోగించిన ఈ నౌకలో ప్రధాన యాంటెనాను గొడుగులా ముడిచి అమర్చారు. 1991లో దాన్ని విప్పబోతే పూర్తిగా తెరుచుకోలేదు. సెకనుకు లక్షకు పైగా బిట్ల సమాచారం పంపవలసిన నౌక చిన్న యాంటెనాతో గరిష్ఠంగా 160 బిట్లు మాత్రమే పంపగలిగింది. నిమిషంలోపే చేరవలసిన ఒక్క చిత్రాన్ని కుదించకుండా పంపితే దాదాపు తొమ్మిది గంటలు పడుతుంది. దీంతో చిత్రాలను కుదించి, ఏ ప్రాంతాన్ని చూడాలో ఏరి కోరి ఎంచుకోవలసి వచ్చింది. మిగిలిన ప్రాంతాలు మసకగానే ఉండిపోయాయి.

ముక్కలు అతికేదెలా?

వేర్వేరు దూరాల నుంచి, వేర్వేరు వేళల్లో తీసిన చిత్రాలను ఒకే పటంగా అతకడం శ్రమతో కూడిన పని. రెండు చిత్రాల్లోనూ కనిపించే గుర్తులను పట్టుకొని ఒకదానితో ఒకటి సరిపోల్చాలి. సర్వేయరు హద్దురాయి నుంచి గొలుసు పట్టినట్లు, యూరోపాపై సిలిక్స్ అనే బిలాన్ని 182 డిగ్రీల పశ్చిమ రేఖాంశంగా నిర్ణయించి మిగతా రేఖాంశాలను లెక్కగట్టారు. ఎండ వాలు కూడా ముఖ్యమే. ఏటవాలు ఎండలో నీడలు సాగి గట్లు, పగుళ్లు స్పష్టమవుతాయి. నడినెత్తిన ఎండ ఉంటే ఎత్తుపల్లాలు మరుగై రంగుల తేడాలు బయటపడతాయి. ఇలా కూర్చి అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ చుక్కకు 500 మీటర్ల చొప్పున యూరోపా పటం తయారుచేసింది. మసక చిత్రాలున్నచోట మాత్రం పటమూ మసకే.

హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భూమి చిత్రాలతో చేసే పని కూడా ఈ కోవకే చెందుతుంది. ఉపగ్రహాలు పంపే చిత్రాలను షాద్‌నగర్‌లో అందుకొని పటాలుగా మారుస్తారు. భూమిపై సందేహం వస్తే ఆ చోటికి వెళ్లి చూసి నిర్ధారించుకోవచ్చు. యూరోపాపై ఆ వీలు లేదు.

ప్రయోగశాలే సాక్షి

ఈ కొరతను కొంతవరకు ప్రయోగశాలలు తీరుస్తున్నాయి. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో పనిచేసే మూర్తి గూడిపాటి బృందం, ఉప్పులు కలిపిన మంచుపై యూరోపాను తాకే వికిరణం వంటి ఎలక్ట్రాన్ల ధారను ప్రసరింపజేసి పరిశీలించింది. మంచు చీకట్లో మెరుస్తుందని, అందులోని ఉప్పును బట్టి మెరుపు మారుతుందని 2020లో వెల్లడించింది. మామూలు ఉప్పు కలిస్తే కాంతి తగ్గింది. మెగ్నీషియం సల్ఫేట్ కలిస్తే పెరిగింది. రాత్రివేళ యూరోపాను చిత్రిస్తే ఎక్కడ ఏ ఉప్పు ఉందో గుర్తించే అవకాశం ఉందన్నమాట.

చంద్రయాన్ చెప్పిన పాఠం

స్పష్టమైన పటం విలువ ఏమిటో చంద్రయాన్ తెలియజెప్పింది. 2019లో చంద్రయాన్-2 ల్యాండరు దిగేందుకు నిర్దేశించిన స్థలం 500 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. ల్యాండరు విఫలమైనా చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఆర్బిటరు చుక్కకు 30 సెంటీమీటర్ల స్థాయిలో చిత్రాలు పంపింది. వాటి ఆధారంగా చంద్రయాన్-3కు నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు గల స్థలాన్ని ఎంపిక చేయగలిగారు. 2023 ఆగస్టు 23న ల్యాండరు క్షేమంగా దిగింది. ఎప్పటికైనా యూరోపాపై నౌకను దించాలన్నా ముందు ఇటువంటి పటమే కావాలి.

2030లో క్లిప్పర్

2022 సెప్టెంబరు 29న జూనో నౌక యూరోపాకు దాదాపు 350 కిలోమీటర్ల సమీపంగా వెళ్లి కొన్ని చిత్రాలు తీసింది. అసలు కార్యభారం మాత్రం 2024 అక్టోబరు 14న బయలుదేరిన యూరోపా క్లిప్పర్‌ది. ఇది 2030 ఏప్రిల్‌లో గురుగ్రహాన్ని చేరవలసి ఉంది. యూరోపా చుట్టూ తీవ్ర వికిరణం ఉన్నందున అక్కడే ఉండిపోకుండా, గురుగ్రహం చుట్టూ తిరుగుతూ 49 సార్లు యూరోపా పక్కగా వెళ్లివచ్చేలా పథకం రచించారు. ఒక దశలో 25 కిలోమీటర్ల సమీపానికి వెళ్తుంది. యూరోపాలో 90 శాతాన్ని చుక్కకు వంద మీటర్లు లేదా అంతకంటే మెరుగ్గా చిత్రించడం లక్ష్యం. అంటే రెండున్నర ఎకరాలకు ఒక చుక్క. ఎంపిక చేసిన చోట్ల చుక్కకు అర మీటరు స్పష్టత లభిస్తుంది. అంత వివరంగా చూస్తే బాలాపూర్ చౌరస్తాలో నిలిచిన ఆటో కూడా ఆనవాలు దొరుకుతుంది.

అనుకున్నట్లు సాగితే, వెయ్యి ఎకరాలకు ఒక చుక్కగా మొదలైన యూరోపా కొలత గజాల్లోకి వస్తుంది. మంచు ఎక్కడ పగిలింది, ఎక్కడి నుంచి లోపలి ఉప్పు పైకి ఉబికింది అన్న ప్రశ్నలకు అప్పుడే హద్దులు గీసి సమాధానం చెప్పగలుగుతారు.