నీలినాలుక వ్యాధి – సహజ రోగనిరోధకత: కడప జిల్లా గొర్రెల మందల నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలలో వాన ముఖం చాటేసిన ఏట అనేక కుటుంబాలను నిలబెట్టేవి జీవాలే. వానలు కురిసిన ఏట ఆ జీవాలకే నీలినాలుక వ్యాధి ముప్పు పెరుగుతుంది. తేమ నేలల్లో వృద్ధి చెందే క్యూలికాయిడ్స్ అనే చిన్న కీటకాలు కుట్టడం వలన ఇది సోకుతుంది. జ్వరం, మూతి వాపు, నోటిపుండ్లు, కుంటడం దీని లక్షణాలు. మన దేశంలో దీనిని 1964లో మహారాష్ట్రలో గుర్తించారు. వైరస్‌ను నేరుగా అణచే మందు వాడుకలో లేదు. ఉన్నది ఉపశమన చికిత్స మాత్రమే.

2. టీకా పరిమితి

ఈ వైరస్‌కు 24కు పైగా సీరోటైపులు ఉన్నాయి. ఒకదానిపై ఏర్పడిన ప్రతిరక్షకాలు మరొకదానిని సరిగా అడ్డుకోలేవు. మన దేశంలో రూపొందిన నిర్జీవ టీకాలో 1, 2, 10, 16, 23 సీరోటైపులు ఉన్నాయి. వేరొక సీరోటైపు వ్యాపిస్తే టీకా పొందిన మందకు కూడా పూర్తి రక్షణ ఉండదు.

3. సహజ రోగనిరోధకత పనితీరు

సహజ రోగనిరోధకతకు ఈ భేదంతో పనిలేదు. అన్ని సీరోటైపుల జన్యుపదార్థమూ 10 ఖండాల ద్విపోగు ఆర్‌ఎన్‌ఎయే. ఆరోగ్యవంతమైన కణద్రవ్యంలో పొడవైన ద్విపోగు ఆర్‌ఎన్‌ఎ సాధారణంగా ఉండదు. కనుక రిగ్‌-ఐ, ఎండీఏ-5 అనే గ్రాహకాలు దానిని వైరస్ చొరబాటుకు గుర్తుగా గ్రహిస్తాయి. ఆ సంకేతంతో కణం ఇంటర్‌ఫెరాన్‌ను స్రవిస్తుంది. చుట్టూ ఉన్న కణాలు వైరస్ వృద్ధిని నిలిపే ప్రోటీన్లను ముందుగానే సిద్ధం చేసుకుంటాయి. వైరస్ కూడా ఊరకుండదు. తన ఆర్‌ఎన్‌ఎను కవచం లోపల దాచుకొనే ప్రతులు తీస్తుంది. ఎన్‌ఎస్‌3 అనే ప్రోటీన్ ద్వారా ఇంటర్‌ఫెరాన్ ఉత్పత్తిని అడ్డుకొంటుంది.

4. చికిత్సావకాశాలు

దీనినుండి పరిశోధనకు రెండు మార్గాలు తెరచుకొంటాయి. ఒకటి, ఎన్‌ఎస్‌3 చర్యను నిరోధించే అణువును వెదకడం. రెండవది, గ్రాహకాలను ప్రేరేపించి ఇంటర్‌ఫెరాన్‌ను ముందుగా వెలువరింపజేయడం. అయితే ఈ వ్యాధిలో రక్తనాళాలు దెబ్బతినడానికి వైరస్‌తోపాటు మితిమీరిన శోథప్రతిక్రియ కూడా కారణమవుతుంది. కాపరి మూతి వాపును గమనించేనాటికే ఆ ప్రతిక్రియ మొదలై ఉంటుంది. అప్పుడు ప్రేరకమిస్తే మేలుకన్నా కీడు కలుగవచ్చు. కాబట్టి ప్రేరకాన్ని జబ్బుపడిన గొర్రెకు కాక, అదే మందలో ఇంకా లక్షణాలు లేని జీవాలకు రక్షణగా పరీక్షించడం సముచితం.

5. ముగింపు

ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల, పులివెందులలో పశుపరిశోధన కేంద్రం ఉన్నాయి. నెల్లూరు జాతి గొర్రెలలో సోకిన తొలి రోజులలో ఇంటర్‌ఫెరాన్ స్థాయి ఎలా మారుతుందో మందల నడుమనే కొలవగల అనుకూలత ఇక్కడ ఉంది. ఆ కొలత లేనిదే ప్రేరకాన్ని ఎప్పుడు, ఎంత మోతాదులో ఇవ్వాలో నిర్ణయించడం సాధ్యం కాదు.