అరకులోయలో నాలుగు దినములు

మైత్రీవనమను పేరు వినినవారు అచ్చట చెట్లను వెదకుదురు. అమీర్‌పేట కూడలియందలి యీ చోట వనము పేరులో మాత్రమే మిగిలినది. కంప్యూటరు విద్యలు నేర్పు శిక్షణాలయముల పలకలు, దూరపుటూళ్లనుండి వచ్చిన పిల్లలుండు హాస్టళ్లు, తలపై మెట్రోరైలు, క్రింద బస్సులు, ఇదియే యిచ్చటి ప్రకృతిశోభ. ఇట్టి తావున కాపురముండు గృహిణికి ఏటికొక పర్యాయమైనను చల్లని కొండగాలి కావలెనని వేరుగ చెప్పనక్కరలేదు. కాని మన కుటుంబములలో ప్రయాణములు రెండే విధములు: పెండ్లికి పోవుట, తీర్థమునకు పోవుట. కేవలము విశ్రాంతికై పోవుదమన్నచో అది మగవారికి సెలవును, ఆడువారికి మరియొక ఊరిలో వంటయు నగుచున్నది.

సోదరీమణులారా! మేము పోయినది అరకులోయకు. మా యింట ఈ ప్రయాణము తలపెట్టుటకు వేరొక హేతువు గూడ కలదు. మామగారు గతించి రెండేండ్లయినది. నాటినుండి అత్తగారు వీధిగుమ్మము దాటుట అరుదు. వైద్యుడు చూచి, దేహమున రోగమేమియు లేదనియు, గాలియు మనుష్యులును మారవలెననియు చెప్పెను. మేమడిగినప్పుడెల్ల ఆమె "నేనెందుకమ్మా, మీరు వెళ్లిరండి" అనుచుండిరి. తుదకు, "దేవుడు లేని ఊరికి నేను రాను" అనిరి. బొర్రాగుహలలో శివలింగము కలదని మావారు చెప్పిన పిదపనే ఆమె యొప్పుకొనిరి.

ఉదకమండలమునకు పోరాదా యని కొందరు బంధువులడిగిరి. అది 2,200 మీటర్లకు పైబడిన ఎత్తు. అచ్చటి చలి వృద్ధులకు కఠినము. అరకు సుమారు 900 మీటర్లే. చలి యుండును గాని కొరకదు. అన్నిటికంటె మేలు, అచ్చట తెలుగు చెల్లును. అత్తగారు ఎవరితోనైనను మాటాడవలెననియే గదా మా యాశ!

బయలుదేరుటకు ముందే యింట నొక ఒడంబడిక చేసికొంటిమి. పొయ్యి ముట్టరాదు, బట్టలుతుకరాదు, దినమునకు రెండు చోట్లకు మించి చూడరాదు. మూడవ నియమము మావారికి రుచింపలేదు. దుడ్డు పెట్టి పోయి అన్నియు చూడకుండుట నష్టమని వారి లెక్క. అమ్మాయి నా పక్షమున నిలిచినందున నియమము నిలిచినది.

అమీర్‌పేటలో నీలిమార్గపు మెట్రో యెక్కినచో సికిందరాబాదు స్టేషనునొద్ద దిగవచ్చును. అచ్చటినుండి రాత్రిబండిలో విశాఖపట్టణము. అరకునకు పోవు కిరండూలు బండి విశాఖలో ఉదయముననే బయలుదేరును. ఒక బండి దిగి వెంటనే మరియొకటి యెక్కుటకు తొందరపడకుండ, విశాఖలో ఒక దినముండి సముద్రము చూచి మరునాడు పోవుట వృద్ధులున్నవారికి సుఖము. ఈ బండికి 2017లో అద్దపు గోడలును, అద్దపు పైకప్పును గల పెట్టెనొకదానిని చేర్చిరి. దానిలో చోటు చలికాలమున ముందుగనే నిండిపోవును.

ఈ రైలుదారి మనవంటి విహారులకై వేసినది కాదు. బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి జపానుకు పంపుటకై 1960వ దశకమున, ఆ దేశపు సహాయముతోనే, దీనిని నిర్మించిరి. మార్గమంతటను 58 సొరంగములు కలవందురు. మా అబ్బాయి వ్రేళ్లపై లెక్కింప మొదలిడి, ఇరువది దాటగానే మినపసున్ని యుండ చేతికి రాగా లెక్క మరచెను. సొరంగము వచ్చినపుడెల్ల పెట్టెలోని పిల్లలందరును కేకలు వేయుదురు. అయిదారు సొరంగముల పిదప అత్తగారును నవ్విరి. తైడ, బొర్రా గడచి సిమిలిగూడ చేరుసరికి సుమారు వేయి మీటర్ల ఎత్తున నుందుము. అచ్చటినుండి బండి కొంచెము దిగి అరకు చేరును.

అరకులో మా మొదటి దినమంతయు వరండాలోనే గడచినది. ప్రొద్దున పొగమంచు, మావారు తెచ్చియిచ్చిన కాఫీ, ఎదుట కొండలు. లేచి చేయవలసిన పని యేదియు లేదని మనస్సునకు నచ్చజెప్పుటకే నాకు సగము పూట పట్టినది. మరునాడు పద్మాపురపు తోటను, గిరిజన సంగ్రహాలయమును చూచితిమి. ఆ తోట 1942లో, యుద్ధకాలమున, సైనికులకు కూరగాయలు పండించుటకై వేసినదట. నేడు గులాబీలు పూచుచున్నవి. సంగ్రహాలయమున కొండజాతుల వంటపాత్రలను, రోళ్లను, నగలను చూచి అత్తగారు ఒక్కొక్కదానియొద్ద నిలిచి, తమ పుట్టింట నిట్టివే యుండెడివని పిల్లలకు వివరించిరి.

మూడవనాటి సంతను గూర్చి కొంత విరివిగ వ్రాయవలెను. మన యిండ్లలో శ్రాద్ధములకు, వ్రతములకు విస్తళ్లు కుట్టు అడ్డాకు, తలంటికి కుంకుడుకాయ, చింతపండు, తేనె, కరక్కాయ, దినము చేతబట్టు కొండచీపురు, వీనిలో ననేకము ఇట్టి మన్యపు అడవులనుండి స్త్రీలు యేరి, కోసి, నెత్తిన మోసి తెచ్చునవే. భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు మొదలగు జాతులవారు ఈ లోయలో వసింతురు. అత్తగారు పసుపుకొమ్ములమ్ము ముసలమ్మ యెదుట గూర్చుండి బేరమాడ మొదలిడిరి. బేరము ముగిసినది గాని మాట ముగియలేదు. ఆ యమ్మయు భర్తను పోగొట్టుకొన్నదే. "ఇంట కూకుంటే ఏటి తోచదమ్మా, అందుకే సంతకొత్తాను" అని ఆమె చెప్పిన మాట నాకు వినబడినది. మా అత్తగారేమి బదులు చెప్పిరో వినబడలేదు. నేను దగ్గరకు పోలేదు.

కాఫీతోటలు సంతకంటె నెమ్మదైన చోట్లు. సిల్వర్‌ఓకు వృక్షముల నీడలో కాఫీమొక్కలు, ఆ వృక్షములపై ప్రాకు మిరియపు తీగెలు. ఇవి చాలవరకు గిరిజన కుటుంబముల చిన్న చిన్న కమతములు. చలికాలమున ఎఱ్ఱబడిన పండ్లను మాత్రమే యేరి కోయవలెను గనుక చేతిపని యెక్కువ. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు రెండేండ్ల మున్నే, 2017లో, పారిసు నగరమున అరకు పేర దుకాణము వెలసినది. 1956లో నేర్పడిన గిరిజన సహకార సంస్థ తేనెను, కాఫీపొడిని అమ్ముచున్నది.

మావారు హైదరాబాదు వాసులందరివలెనే, ఆ పచ్చని పల్లము చూడగానే "ఇక్కడ గజమెంత?" అని మా కారు నడుపు కుఱ్ఱవానిని అడిగిరి. అతడు నవ్వి, మీకు అమ్మరాదని చెప్పెను. 1970నాటి మొదటి రెగ్యులేషను ప్రకారము మన్యపు భూమిని గిరిజనేతరులు కొనరాదు. ఈ బొర్రా పరిసర గ్రామముల గనులనుగూర్చియే 'సమత' యను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున 1997లో సుప్రీంకోర్టు, ప్రభుత్వము సైతము అట్టి భూములను ప్రయివేటు గనులవారికి కౌలుకీయరాదని తీర్పు చెప్పినది. నగరమువారి చేతికి చిక్కియుండినచో అమీర్‌పేటయే యిచ్చటికి వచ్చెడిది.

థింసా నృత్యమును గూర్చి ఒక మాట. స్త్రీలు నడుములు పట్టుకొని వరుసగ నాడు ఈ యాట కన్నులపండువే. అయినను, అడుగకుండ వారి మొగములకడ ఫోనులు పెట్టి ఛాయాచిత్రములు తీయు యాత్రికులను చూచి నాకు సిగ్గు కలిగినది. మన వాకిటిలో ముగ్గు వేయుచుండగ నెవరైన నట్లు చేసిన సహింతుమా?

తిరుగుదారిని కారులో కనుమ దిగుచు బొర్రాలో ఆగితిమి. గోస్తనీ నది ఈ కొండలలోనే పుట్టి, గుహలగుండ పాఱి, భీమునిపట్టణమునొద్ద సముద్రము చేరును. వాననీరు సున్నపురాతిని కరగించుచు చుక్కచుక్కగ జారగా, చుక్క విడిచిన సున్నము పేరుకొని పైనుండి ఊడలును, క్రిందనుండి స్తంభములును పెరుగును. లోపల మెట్లు చాల, తడిగ నుండును. లింగమున్న తావునకు నిలువుమెట్లెక్కవలెను. మోకాళ్లు సహకరింపక అత్తగారు నడుమనొక బండపై గూర్చుండి, అచ్చటినుండియే చేతులు జోడించిరి. పిల్లలు పైకిపోయి వచ్చి చెప్పినదంతయు ఓపికతో వినిరి.

పోదలచినవారు నవంబరు, జనవరి నెలల మధ్య పోవుట మంచిది. అప్పుడు వలిసె చేలు పసుపుపచ్చగ పూచియుండును. వానకాలమున జలపాతములు బాగుండును గాని కొండచరియలు విరిగి బండ్లు నిలుచుట కలదు. కనుమదారిలో పిల్లలకు వాంతులు కాకుండ నిమ్మకాయలు, ఉప్పు వేసిన అల్లపు ముక్కలు దగ్గరనుంచుకొనుడు. తలకొక శాలువ చాలును.

సంతలో కొనిన పసుపుకొమ్ములు రెండు వీసెలకు తక్కువ లేవు. దంచుటకు ముందు మరల నెండవలెనని అత్తగారు ప్రతిదినము వానిని తామే మేడపైకి తీసికొనిపోవుచున్నారు. ప్రక్కయింటి పెద్దామె గూడ ఆ వేళకే బట్టలారవేయుటకు వచ్చును. ఇరువురును క్రిందికి దిగుసరికి మిట్టమధ్యాహ్నమగుచున్నది.